రాత్రిపూట ఇల్లు పగలగొట్టి గాయపరిస్తే గుంపులో ఎవరికి ఎంత శిక్ష? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట కోర్టుల వరండాల్లో దొంగతనం కేసు వాయిదా ఉన్న రోజున తప్పకుండా వినబడే మాట ఒకటుంది: "మావోడు లోపలికెళ్లనే లేదండీ, బయటే నిల్చున్నాడు." ఆ మాట కొన్ని సెక్షన్ల కింద బాగా పనికొస్తుంది, కొన్నిటి కింద అసలు పనికిరాదు. 2024 జూలై 1న భారత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చాక సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. కొన్నిచోట్ల శిక్షలూ మారాయి. నిందితుల తరఫువాళ్లు, బాధితుల తరఫువాళ్లు ఎక్కువగా అడిగేవాటికి ఇక్కడ జవాబులున్నాయి.

పాత సెక్షన్లు ఇప్పుడు ఏ నంబర్లలో ఉన్నాయి? పాత కేసులకూ కొత్త చట్టమేనా?

చూడాల్సింది నేరం జరిగిన తేదీ. ఎఫ్‌ఐఆర్ ఎప్పుడు కట్టారన్నది కాదు. 2024 జూన్ 30 రాత్రి జరిగిన నేరానికి ఎఫ్‌ఐఆర్ జూలైలో కట్టినా పాత శిక్షాస్మృతి సెక్షన్లే వేయాలి.

ఈ రకం కేసుల్లో తరచూ కనబడే మార్పులివి. ఉమ్మడి ఉద్దేశం చెప్పే పాత 34 ఇప్పుడు 3(5). చట్టవిరుద్ధ సమూహం (నేరం కోసం గుమిగూడిన ఐదుగురు లేదా అంతకు మించినవాళ్లు) బాధ్యత చెప్పే 149 ఇప్పుడు 190. దోపిడీలో గాయపరచడం 394 నుంచి 309(6)కి, బందిపోటు 395 నుంచి 310(2)కి, బందిపోటులో హత్య 396 నుంచి 310(3)కి, మారణాయుధం వాడకం 397 నుంచి 311కి మారాయి. రాత్రి ఇల్లు పగలగొట్టి దొంగతనం చేసే 457 ఇప్పుడు 331(4), అందులో చావు గానీ తీవ్ర గాయం గానీ కలిగించే 460 ఇప్పుడు 331(8). ఈ పేజీలో సగం ఆ చివరి నంబరు గురించే. ఇక మీద చట్టం పేరు చెప్పని కొత్త నంబర్లన్నీ న్యాయ సంహితవే.

ఇల్లు పగలగొట్టడం అంటే తలుపు విరగాలా?

అక్కర్లేదు. గునపంతో గోడకు కన్నం వేసినా, పెంకులు తీసి దిగినా, గోడెక్కి దూకినా, తాళం తీసినా, లోపలి గొళ్లెం తప్పించినా, గుమ్మంలో మనిషిని నెట్టి లోపలికి వచ్చినా 330 కింద అది ఇల్లు పగలగొట్టడమే. మారుతాళంతో చప్పుడు లేకుండా తీసినా అంతే. మనిషి మొత్తం లోపలికి రావాల్సిన పనీ లేదు, కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టినా ప్రవేశించినట్టే లెక్క.

ఇల్లంటే కాపురముండే ఇల్లే కాదు. గుడి కూడా వస్తుంది, సరుకు భద్రపరిచే కట్టడమూ వస్తుంది. పలాసలో జీడిపప్పు గోదాం షట్టరు లేపినవాడు "అక్కడెవరూ కాపురముండరు కదా" అంటే కుదరదు. కానీ మే నెలలో ఆరుబయట మంచమేసుకుని పడుకున్న మనిషి మెడలో గొలుసు తెంపితే అది కట్టడంలోకి ప్రవేశం కాదు. అక్కడ స్నాచింగో దోపిడీయో అవుతుంది, 331 రాదు.

రాత్రి అంటే ఎన్ని గంటల నుంచి?

పాత చట్టంలో రాత్రి అని ఉండేది. కొత్తదాంట్లో "సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు" అని రాశారు. గడియారం లెక్క లేదు. శ్రీకాకుళంలో డిసెంబరు చివర పొద్దు సాయంత్రం 5:30 లోపే గుంకుతుంది, జూన్‌లో 6:30 దాటుతుంది. అంటే సాయంత్రం 6 గంటలకు జరిగిన సంఘటన డిసెంబరులో ఒక సెక్షన్, జూన్‌లో ఇంకో సెక్షన్. తేడా చిన్నది కాదు. దొంగతనం కోసం ఇల్లు పగలగొడితే పగలైతే 331(3) కింద గరిష్ఠం 10 ఏళ్లు, పొద్దుగుంకాకైతే 331(4) కింద 14 ఏళ్లు. 331(8) అయితే పగటికి అసలు వర్తించదు. అందుకే ఫిర్యాదులో "చీకటి పడే వేళ" అని వదిలేయకండి. వీధి దీపాలు వెలిగాయా, టీవీలో ఏ కార్యక్రమం వస్తోంది, ఏ బస్సు వెళ్లింది, ఇలాంటి ఆనవాలు ఏదో ఒకటి చెప్పండి.

నలుగురు వెళ్లారు, ఒక్కడే కొట్టాడు. మిగతా ముగ్గురికీ అదే శిక్షా?

ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఏ దారిలో వాళ్లను కట్టారో చూడాలి.

మొదటిది 331(8). రాత్రిపూట ఇల్లు పగలగొట్టే సమయంలో అందులో ఉన్న ఎవడైనా చావు గానీ తీవ్ర గాయం గానీ కావాలని కలిగించినా, కలిగించబోయినా, ఆ ఇల్లు పగలగొట్టడంలో పాలుపంచుకున్న ప్రతి ఒక్కరికీ యావజ్జీవం లేదా 10 ఏళ్ల వరకు జైలు, పైగా జరిమానా. మిగతావాళ్లకు కొట్టే ఉద్దేశం ఉందని ప్రాసిక్యూషన్ రుజువు చేయనక్కర్లేదు. ఇల్లు పగలగొట్టడంలో భాగస్వామ్యం రుజువైతే చాలు. దీని బలమంతా అక్కడే ఉంది.

రెండోది 309(6). దోపిడీ చేస్తూ ఒకడు గాయపరిస్తే అతనికీ, ఆ దోపిడీలో కలిసున్న మిగతావాళ్లకూ యావజ్జీవం లేదా 10 ఏళ్ల వరకు కఠిన కారాగారం. ఇక్కడ మామూలు గాయమైనా చాలు, పగలైనా రాత్రయినా ఒకటే. కానీ ఆ దెబ్బ దొంగతనం చేయడానికో, సొత్తు పట్టుకుపోవడానికో కొట్టినదై ఉండాలి. సొత్తంతా పారేసి, కేవలం తప్పించుకోవడానికి రాయి విసిరితే అది దోపిడీ కిందకు రాదన్న వాదన గట్టిది. డిఫెన్సు లాయర్లు ముందు వెతికేది ఈ సందునే.

మూడోది 3(5), ఉమ్మడి ఉద్దేశం. ఇదే అందరికీ తెలిసింది, అందరూ తప్పుగా అర్థం చేసుకునేదీ ఇదే. ఇది విడిగా నేరం కాదు, శిక్షా లేదు. మరో సెక్షన్‌కు జత చేసి, ఒకడి పనిని అందరి పనిగా లెక్కించే సూత్రం మాత్రమే. ఇక్కడ ఉద్దేశం రుజువు కావాలి. దొంగతనానికి మాత్రమే ఒప్పుకున్న ముగ్గురి మీద 103, 3(5) కలిపి హత్య నేరం మోపాలంటే, చంపడానికి కూడా వాళ్లు సిద్ధపడ్డారని పరిస్థితులు చూపాలి. కత్తులతో వెళ్లారా, కేకలేస్తే ఏం చేయాలో ముందే అనుకున్నారా, దెబ్బ పడ్డాక కూడా ఆగి బీరువా దులిపారా, ఇలాంటివి. ఆ ఉద్దేశం అక్కడికక్కడే పుట్టి ఉండవచ్చు కూడా, ముందురోజే కూర్చుని మాట్లాడుకోవాలని లేదు.

కాబట్టి హత్య నేరం నిలవకపోయినా 331(8) నిలవవచ్చు. "302 కొట్టేశారు, ఇక బయటికొచ్చేస్తాడు" అని సంబరపడే కుటుంబాలకు లాయరు ముందే చెప్పాల్సిన మాట ఇది. 302 అన్నది పాత నంబరే అయినా జనం నోట్లో ఇంకా అదే ఉంది.

బయట కాపలా కాసినవాడు, ఆటో తోలినవాడు?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1923లో కలకత్తా శంకరితోల పోస్టాఫీసులో డబ్బు లెక్కపెడుతున్న పోస్టుమాస్టరును కాల్చి చంపారు. నిందితుడు బరేంద్ర కుమార్ ఘోష్ తాను బయట నిల్చున్నానే తప్ప కాల్చలేదన్నాడు. 1925లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో చివరి అప్పీలు వినే లండన్ కోర్టు) ఆ వాదన తోసేసింది. తలుపు బయట నిల్చుని ఏమీ చేయకపోయినా, ఉమ్మడి పథకంలో అది అతని వంతు పనైతే, అతనూ చేసినట్టేనంది. నేటికీ కోర్టులు తిప్పేది ఆ పేజీలనే.

అయితే ఆటో డ్రైవరు విషయంలో రెండు వేరువేరు పరిస్థితులున్నాయి. నరసన్నపేట కూడలిలో రాత్రి 1 గంటకు నలుగురు ఎక్కి ఫలానా ఊరు పోనియ్యమంటే వెళ్లినవాడు కేవలం కిరాయికి వెళ్లినట్టు. వాళ్ల దగ్గర గునపం చూసీ, ఊరి బయట లైట్లు ఆపి ఆగీ, మూటలు ఎక్కించుకుని మామూలు కిరాయికి నాలుగింతలు తీసుకున్నవాడి సంగతి వేరు. వాటా, కాల్ రికార్డు, ఆగిన చోటు, ఈ మూడింటి మీదే తీర్పు నడుస్తుంది.

ముసలావిడ అరవకుండా నోట్లో గుడ్డ కుక్కారు. ఊపిరాడక చనిపోయింది. చంపాలని చేయలేదు కదా?

"కావాలని" అన్న మాటకు చట్టంలో అర్థం మనం అనుకునేదానికంటే వెడల్పు. ఫలితం కోరుకోకపోయినా, అలా జరిగే అవకాశముందని తెలిసి, లేదా నమ్మడానికి తగిన కారణముండి చేస్తే అదీ కావాలని చేసినట్టే. పెద్ద వయసు మనిషి నోటికి గుడ్డ కుక్కి, ముక్కు మీదుగా టేపు చుట్టి వదిలేస్తే ఊపిరాడదని ఎవరికి తెలియదు? 331(8) పడుతుంది. చేసినవాడి మీద హత్యో, హత్య కాని ప్రాణహరణమో విడిగా పడుతుంది.

అదే ఎవరూ తాకకుండా, దొంగల్ని చూసిన భయంతో ఇంటాయన గుండె ఆగితే ఆ చావును వాళ్లు కావాలని కలిగించారనడం కష్టం. పోస్టుమార్టం నివేదికలో చావుకు కారణం గడి ఈ రెండు కేసుల్నీ విడదీస్తుంది.

తీవ్ర గాయం అని ఎవరు తేలుస్తారు?

116 జాబితా తేలుస్తుంది, డాక్టరు కాగితం రుజువు చేస్తుంది. ఎముక గానీ పన్ను గానీ విరగడం, కీలు జారడం, చూపు లేదా వినికిడి శాశ్వతంగా పోవడం, ముఖం శాశ్వతంగా వికారం కావడం వంటివి అందులో ఉన్నాయి. ప్రాణాపాయమైన గాయమూ, 15 రోజులపాటు తీవ్రమైన నొప్పి పెట్టిన లేదా రోజువారీ పనులు చేసుకోనివ్వని గాయమూ వస్తాయి. పాత చట్టంలో ఇది 20 రోజులు.

ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. మణికట్టు వాచినవాడికి మండల ఆసుపత్రిలో కట్టుకట్టి పంపేస్తారు, ఎక్స్‌రే తీయరు. ఊండ్ సర్టిఫికెట్‌లో "సాధారణం" అని పడుతుంది. వారం తర్వాత ప్రైవేటులో విరిగిందని తేలినా, ఎముక విరిగింది ఆ రాత్రేనా అన్న అనుమానం పుడుతుంది. మొదటిరోజే పోలీసు మెమో మీద జిల్లా ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే అడగండి.

నలుగురా, ఐదుగురా అన్నదానికి అంత పట్టింపు ఎందుకు?

నలుగురైతే దోపిడీ. ఐదుగురైతే బందిపోటు, 310. లోపలికెళ్లినవాళ్లే కాదు, అక్కడే ఉండి సాయపడినవాళ్లూ ఆ ఐదులో లెక్క. ముగ్గురు లోపల, ఒకడు గోడ దగ్గర, ఒకడు బండి మీద ఉంటే ఐదుగురే. రెక్కీ చేసి ఇచ్చి తన ఊళ్లో పడుకున్నవాడు ఆ లెక్కలోకి రాడు. అతని సంగతి కుట్ర కింద చూస్తారు.

ఐదుగురిలో ఒకడు హత్య చేస్తే 310(3) కింద అందరికీ మరణశిక్ష, లేదా యావజ్జీవం, లేదా 10 ఏళ్లకు తగ్గని కఠిన కారాగారం. పాత 396లో "10 ఏళ్ల వరకు" అని ఉన్నది "10 ఏళ్లకు తగ్గకుండా" అయింది. పదేళ్లు పైకప్పుగా ఉండేవి, ఇప్పుడు నేల అయ్యాయి.

దొరికినవాళ్లు ముగ్గురే అయినా, ఐదుగురు పాల్గొన్నారని సాక్ష్యం తేల్చితే బందిపోటు కేసు నిలుస్తుంది. కానీ పేర్లతో పెట్టిన ఐదుగురిలో ఇద్దరిని నిర్దోషులని వదిలేసి, వేరే ఎవరూ లేరంటే 310 కూలిపోతుంది. బాధితులు ఊహతో ఐదుగురని చెప్పకూడదనడానికి కారణం ఇదే. "ముగ్గుర్ని చూశాను, బయట ఇంకో గొంతు వినబడింది" అంటే అంతే చెప్పండి.

కత్తి ఒకడి దగ్గరే ఉంది. 311 అందరికీ వేయొచ్చా?

వేయకూడదు. దోపిడీలోనో బందిపోటులోనో మారణాయుధం వాడినవాడికి కనీసం 7 ఏళ్లు అని 311 అంటుంది. ఆ మాట వాడినవాడికే వర్తిస్తుందని పాత 397 మీద సుప్రీంకోర్టు 1975లోనే ఫూల్ కుమార్ కేసులో చెప్పింది. కత్తి పైకి చూపి బెదిరించినా వాడినట్టే, పొడవాల్సిన పనిలేదు. అలాగే 331(7) కూడా తీవ్ర గాయం చేసినవాడిదే. ఎఫ్‌ఐఆర్‌లో ఏ-1 నుంచి ఏ-4 దాకా (ఒకటో నిందితుడి నుంచి నాలుగో నిందితుడి దాకా) అందరికీ ఈ సెక్షన్లు వరసగా రాసేస్తే, కోర్టు అభియోగాలు ఖరారు చేసే (ఛార్జి ఫ్రేమ్) రోజున లాయరు లేచి అభ్యంతరం చెప్పాలి. అప్పుడు ఊరుకుంటే తర్వాత అప్పీలులో లేచినా పని ఎక్కువ.

ఊళ్లో ఉండి సమాచారం ఇచ్చినవాడు, మనసు మార్చుకుని వెనక్కొచ్చేసినవాడు?

ఇంటివాళ్లు పైడితల్లి సిరిమానుకి విజయనగరం వెళ్లారని, బీరువా ఏ గదిలో ఉందో చెప్పినవాడు 61 కింద కుట్రదారు, 45 కింద ప్రేరేపకుడు. అక్కడితో ఆగదు. 51వ సెక్షన్‌లో చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది. అర్ధరాత్రి కాపురమున్న ఇల్లు పగలగొట్టి దోచుకోమని ఇద్దర్ని ఉసిగొల్పి ఆయుధాలిచ్చాడు ఒకడు. ఇంటాయన ఎదురుతిరిగితే వాళ్లు చంపేశారు. ఆ చావు ఆ ప్రేరణకు సంభావ్య ఫలితమైతే, ఆయుధాలిచ్చినవాడికీ హత్య శిక్షే. ఇల్లు ఖాళీ అని నమ్మించి, ఆయుధాల ఊసే లేకుండా పంపినవాడికి ఇది అంత సులువుగా అంటదు.

దారిలో వెనక్కి తిరిగినవాడికి 331(8) తప్పవచ్చు, కుట్ర తప్పదు. ఒప్పందం కుదరడంతోనే కుట్ర పూర్తవుతుంది. బందిపోటుకు సిద్ధపడటం 310(4) కింద, అందుకోసం ఐదుగురు పోగవడం 310(5) కింద వేరే నేరాలు.

17 ఏళ్ల కుర్రాడు గుంపులో ఉంటే?

బాల న్యాయ బోర్డుకే వెళ్తాడు. 16 దాటినవాడిని పెద్దవాడిలా విచారించే అవకాశం కనీస శిక్ష 7 ఏళ్లు లేదా అంతకు మించి ఉన్న నేరాల్లోనే ఉంది. 331(8)కి కనీస శిక్ష లేదు కాబట్టి అది రాదు. 310(3), 311 వస్తాయి. స్కూలు రికార్డులో పుట్టిన తేదీ మొదటి రిమాండ్ రోజే కోర్టు ముందు పెట్టండి. ఇక ఆ కుర్రాణ్ని కిటికీలోంచి దూర్చడానికి తెచ్చిన పెద్దవాళ్లకు 95 కింద 3 నుంచి 10 ఏళ్లు అదనం.

ఏ-2 స్టేషన్లో ఏ-3 పేరు చెప్పాడట. అది చాలా?

చాలదు. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యం కాదని సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 23వ సెక్షన్ అంటుంది. ఒక్క మినహాయింపుంది. కస్టడీలో చెప్పిన మాట వల్ల ఏదైనా బయటపడితే, దానికి సూటిగా సంబంధించిన ముక్క మాత్రం చెల్లుతుంది. దీని హద్దు గీసింది గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసే, ప్రివీ కౌన్సిల్, 1947. "గొలుసు మా పెరట్లో గాబు కింద పాతాను" అన్నది చెల్లుతుంది. "ఫలానా ఇంట్లో ఆవిణ్ని కొట్టి తెంపిన గొలుసు" అన్నది చెల్లదు. స్వాధీనం వేళ వీడియో తీయాలని నాగరిక సురక్షా సంహిత (పోలీసులు, కోర్టులు నడవాల్సిన పద్ధతి చెప్పే కొత్త చట్టం) 105 అంటోంది. వీడియో లేకపోతే, మధ్యవర్తులుగా సంతకం పెట్టినవాళ్లు కోర్టులో "స్టేషన్లో సంతకం పెట్టమన్నారు" అనేస్తే, ఏ-3 మీద ఏమీ మిగలదు.

ఇంటి వాళ్లు మొదటి 24 గంటల్లో ఏం చేయాలి?

112కి ఫోన్ చేయండి. క్లూస్ టీమ్ వచ్చేదాకా బీరువా సర్దకండి, గచ్చు కడగకండి. తలుపు దగ్గర జనం గుమిగూడితే వేలిముద్రలు, కాలిముద్రలు పోతాయి. పోయిన నగల జాబితా గ్రాముల్లో రాయండి, బిల్లు లేదా హాల్‌మార్క్ నంబరు ఉంటే జతచేయండి. బిల్లు దొరక్కపోతే పెళ్లి ఫొటోలో ఆ నగ కనబడేది ఒకటి తీసి ఉంచండి. ఎదురింటి సీసీ కెమెరా డీవీఆర్ కొన్నాళ్లకే పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది కాబట్టి ఆ రాత్రి ఫుటేజీ పోకుండా ఉంచమని ఆ రోజే చెప్పించండి. ఫుటేజీ కోర్టులో నిలవాలంటే సాక్ష్య అధినియం 63(4) కింద సర్టిఫికెట్ కావాలి, అది అడగడం దర్యాప్తు అధికారి పని, గుర్తు చేయడం మీ పని.

ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. ఇచ్ఛాపురం వాళ్లకు బరంపురం దారిలో జరిగినా, సాలూరు వాళ్లకు కోరాపుట్ వైపు జరిగినా దగ్గరి స్టేషన్లో జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం తమ పరిధిలో జరగకపోయినా కట్టే ఎఫ్‌ఐఆర్) కట్టాల్సిందే. ఆన్‌లైన్‌లో ఇస్తే 3 రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి.

ఇంకొకటి. అనుమానితుల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో వస్తే చూడకండి, పంచకండి. ఫొటో ముందే చూసిన సాక్షి గుర్తింపు పరేడ్‌లో వేలు చూపినా విలువ పోతుంది.

దొంగ దొరికాడు. ఊరంతా కలిసి స్తంభానికి కట్టేశాం. తప్పా?

రాత్రి ఇల్లు పగలగొట్టేవాడిని అడ్డుకోవడంలో, అవసరమైతే ప్రాణం తీసేదాకా ఆత్మరక్షణ హక్కు 41 ఇస్తుంది. కానీ ఆ అక్రమ ప్రవేశం కొనసాగినంతసేపే. పట్టుకుని కట్టేశాక హక్కు ముగిసింది. పట్టుకున్నవాణ్ని 6 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. కట్టేసి కొడితే, అతను చస్తే, ఇప్పటిదాకా దొంగల గురించి చెప్పిన 3(5), 190 రెండూ ఊరివాళ్ల మీదకు తిరుగుతాయి. తాడు తెచ్చినవాడు, "ఇంకోటెయ్యి" అన్నవాడు కూడా అందులో ఉంటారు.

పెద్దమనుషుల్లో రాజీ పడితే కేసు పోతుందా? బెయిల్?

పోదు. దోపిడీ, బందిపోటు, 331(8) రాజీకి వీలైన జాబితాలో లేవు. ఇవి బెయిలుకు హక్కు లేని నేరాలు. 331(8), 310(2), 310(3) కేసుల్లో 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే డిఫాల్ట్ బెయిల్ హక్కు వస్తుంది, కానీ ఛార్జిషీటు పడకముందే అర్జీ పెట్టాలి. లాయరును పెట్టుకోలేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు, ఫోన్ 15100. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పనిలేకుండా, ఉచిత లాయరు హక్కు.

దొరికిన బంగారం ఎప్పుడు చేతికొస్తుంది?

కేసు తేలేదాకా ఆగనక్కర్లేదు. విచారణ నడుస్తుండగానే నగలు ఫొటోలు తీసి, బాండు రాయించుకుని ఇచ్చేయవచ్చని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. సురక్షా సంహిత 497, 503 కింద అర్జీ పెట్టాలి. బిల్లులు, ఆధార్, ఎఫ్‌ఐఆర్ నకలు, స్వాధీన పంచనామా నకలు జతచేయండి. పంచనామాలో "పసుపు రంగు లోహపు గొలుసు, సుమారు 24 గ్రా." అనీ, మీ ఫిర్యాదులో "మూడు తులాల చంద్రహారం" అనీ ఉంటే అర్జీ అక్కడే ఆగుతుంది, తూకంతో సరిపోల్చే కాగితం ముందు తెచ్చుకోండి. చేతికి వచ్చిన నగను విచారణ ముగిసేదాకా అమ్మకూడదు, కరిగించి వేరేది చేయించకూడదు. సాక్ష్యం చెప్పే రోజున అదే గొలుసు, అదే కొక్కెంతో కోర్టులో చూపించాల్సి రావచ్చు.